నొప్పికి రక్తం సాక్ష్యమా?

మన కథల్లో రక్తపరీక్షకు ఒక స్థిరమైన పాత్ర ఏర్పడిపోయింది. రోగికి ఏమైందో ఎవరికీ తెలియదు. డాక్టరు రక్తం తీయిస్తాడు. మరునాడు రిపోర్టు వస్తుంది. దానితో కథ మలుపు తిరుగుతుంది. ఒకరి రహస్యం బయటపడుతుంది, మరొకరి అబద్ధం తేలిపోతుంది. పాత నాటకాల్లో ఆకాశవాణి చేసిన పనిని ఇప్పుడు లాబొరేటరీ చేస్తోందన్నమాట. ఆకాశవాణిని మనం నమ్మం. లాబొరేటరీని నమ్ముతాం. నమ్మాలి కూడా. కాని దాన్ని ఏ ప్రశ్న అడగవచ్చు, ఏ ప్రశ్న అడగడం అర్థంలేని పని అనే విచక్షణ లేకుండా నమ్మడం శాస్త్రీయ దృక్పథం కాదు. అది దేవుణ్ణి మార్చుకోవడం మాత్రమే.

ఈ విచక్షణ ఎంత అవసరమో చూపడానికి సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల నొప్పిని మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఇది ఎక్కడో ఆఫ్రికాలో ఉండే జబ్బు అనుకునేవాళ్లు మన రచయితల్లో చాలామందే ఉన్నారు. మన దేశంలో ఇది ఉన్నట్టు 1952లోనే నీలగిరి ఆదివాసుల్లోనూ, అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ గుర్తించారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఉంది. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 17 రాష్ట్రాలకు సంబంధించినది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది ఆ కార్యక్రమం లక్ష్యం.

నేనిక్కడ చర్చించదలుచుకున్నది ఒక చిన్న ప్రశ్న. అర్ధరాత్రి ఒక పిల్లవాణ్ణి ఆసుపత్రి క్యాజువాలిటీకి తెస్తారు. కాళ్లూ చేతులూ నడుమూ భరించలేని నొప్పి. ఒంటిమీద గాయం లేదు, ఎముక విరగలేదు. సికిల్ సెల్ ఉందని తల్లి చెబుతుంది. రక్తం తీస్తారు. ఆ తర్వాత ఏం జరగాలి? రిపోర్టు వచ్చేదాకా ఆగాలా? వచ్చిన రిపోర్టు ఆ నొప్పి గురించి ఏమైనా చెబుతుందా?

వ్యాధి జరిగే తీరు

ముందు వ్యాధి సంగతి. రక్తంలోని ఎర్రకణాలు ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్ అనే పదార్థం సాయంతో. ఆ హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఆరవ స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉంటుంది. మిగతా 145 మామూలుగానే ఉంటాయి. హిమోగ్లోబిన్‌లోనే తేడా ఉందని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు నిరూపించారు. ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లంలోనే ఉందని 1956-57లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు.

ఒక్క అక్షరం మారితే మాట మారిపోవడం మనకు తెలిసిందే. ఇక్కడ మారేది కణం స్వభావం. ప్రాణవాయువును వదిలేసిన తర్వాత ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి కడ్డీల్లా గట్టిపడతాయి. మెత్తగా సాగుతూ సన్నని నాళాల్లోంచి జారిపోవలసిన గుండ్రని కణం బిరుసెక్కి వంగిపోతుంది. అలాంటి కణాలు రక్తనాళాల గోడలకు పట్టుకుంటాయి, దారి మూసుకుపోతుంది. మూసుకున్న చోటికి అవతల ఉన్న ఎముకకు, మజ్జకు రక్తం అందదు. ఆ నొప్పే ఈ నొప్పి. చలి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, అలసట దాన్ని రేపవచ్చు. ఏ కారణమూ లేకుండానూ రావచ్చు.

మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ఈ కణం 10 నుంచి 20 రోజులకే పగిలిపోతుంది. కనుక ఈ పిల్లలకు రక్తహీనత అప్పుడప్పుడు వచ్చేది కాదు, ఎప్పుడూ ఉండేదే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ లోపం వచ్చినవాళ్లకు వ్యాధి పూర్తిగా ఉంటుంది. ఒక వైపు నుంచే వచ్చినవాళ్లు వాహకులు; సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. ఈ జన్యువు మలేరియా మండలాల్లో తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే. అంటే ఇది ఎవరి పాపఫలమూ కాదు, ఎవరి రక్తంలోని నీచత్వమూ కాదు. దోమల మధ్య బతకవలసిన మనుషుల చరిత్ర వాళ్ల రక్తంలో మిగిల్చిన గుర్తు.

పేరు పెట్టినవాళ్లు

ఈ వ్యాధికి ఆ పేరు ఎలా వచ్చిందో సాహిత్య విద్యార్థులు తప్పక గమనించాలి. 1910లో చికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ ఒక వ్యాసం ప్రచురించాడు. గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదువుకోవడానికి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారంలో వంగిన కణాలు కనిపించాయని అందులో రాశాడు. ఆ విద్యార్థి పేరు వ్యాసంలో లేదు. కణం ఆకారమే తర్వాత జబ్బుకు పేరయింది.

కాని అంతకు చాలాకాలం ముందే పశ్చిమాఫ్రికా ప్రజలకు ఈ జబ్బు తెలుసు. ఘనా దేశపు వైద్యుడు ఫెలిక్స్ కొనొటే-అహులు తన కుటుంబంలోనే ఈ వ్యాధి చరిత్రను 1670 దాకా వెనక్కి గుర్తించాడు. ఘనా భాషల్లో దీనికున్న పేర్లను ఆయన సేకరించాడు. గా భాషలో దాని పేరు ‘చ్వెచ్వెచ్వె’. మళ్లీ మళ్లీ పొడిచే నొప్పినీ, నొప్పితో విలవిల్లాడే మనిషినీ ధ్వనిలో పట్టుకున్న మాటలు అవి. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు ఆకారాన్ని చూసి పేరు పెట్టాడు. పిల్లల పక్కన రాత్రంతా కూర్చున్నవాళ్లు నొప్పిని విని పేరు పెట్టారు. రెండూ జ్ఞానమే. అయితే వైద్యశాస్త్ర గ్రంథాల్లోకి మొదటిది ఎక్కింది, రెండవది ఎక్కలేదు.

చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చదివినవాళ్లకు ఎక్వెఫీ గుర్తుండే ఉంటుంది. పదిమందిని కని తొమ్మండుగురిని పసితనంలోనే పోగొట్టుకున్న తల్లి. తల్లిని ఏడిపించడానికే మళ్లీ మళ్లీ పుట్టి చనిపోయే ‘ఒగ్బాంజె’ అనే దుష్ట శిశువు గురించిన నమ్మకం ఆ నవలలో ఉంది. ఈ నమ్మకం వెనుక సికిల్ సెల్ వల్ల ఒకే ఇంట్లో వరసగా జరిగే శిశుమరణాలు ఉండవచ్చునని పరిశోధకులు కొందరు సూచించారు. నమ్మకం తప్పు, అది గమనించిన వాస్తవం మాత్రం నిజం. అభ్యుదయ రచయిత మూఢనమ్మకాన్ని ఖండించేటప్పుడు దాని వెనకున్న అనుభవాన్ని కూడా పారబోయకూడదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

రిపోర్టు చెప్పేది

ఇక క్యాజువాలిటీకి వద్దాం. తీసిన రక్తంతో ఏమేం తెలుస్తాయి?

మొదటిది హిమోగ్లోబిన్. ఇంత వయసు పిల్లలకు 11, 12 గ్రాములు ఉండాలని పుస్తకం చెబుతుంది. ఈ పిల్లలకు మామూలు రోజుల్లోనే తరచు 6 నుంచి 9 గ్రాముల మధ్య ఉంటుంది. కనుక రిపోర్టులో 7 అని కనబడగానే బెంబేలెత్తి రక్తం ఎక్కించనక్కరలేదు. అది ఆ పిల్లవాడి రోజువారీ అంకె కావచ్చు. ఉపద్రవమేదీ లేని ఒట్టి నొప్పికి రక్తం ఎక్కించవద్దని 2014లో అమెరికా జాతీయ గుండె, ఊపిరితిత్తులు, రక్త సంస్థ వెలువరించిన నిపుణుల నివేదిక చెబుతోంది. ఊరికే ఎక్కిస్తే రక్తం చిక్కబడి నాళాలు మరింత మూసుకోవచ్చు. శరీరంలో ఇనుము పేరుకుంటుంది. తర్వాత నిజంగా అవసరమైనప్పుడు సరిపడే రక్తం దొరక్కుండా ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. చూడవలసింది అంకెను కాదు, అంకెలో వచ్చిన మార్పును. మామూలుగా 8 ఉండే పిల్లకు 6 అయితే అది ప్రమాద సూచన. మామూలుగా 7 ఉండే పిల్లకు 7 ఉంటే అది వార్తే కాదు.

రెండవది రెటిక్యులోసైట్ల లెక్క. మజ్జలోంచి అప్పుడే బయటికి వచ్చిన పసి ఎర్రకణాలను రెటిక్యులోసైట్లు అంటారు. మామూలువాళ్లలో ఒకటి రెండు శాతం ఉంటాయి. ఈ పిల్లల్లో కణాలు త్వరగా పగిలిపోతాయి కనుక మజ్జ రాత్రింబవళ్లు పనిచేస్తుంది; లెక్క అంతకు ఎన్నో రెట్లుంటుంది. అది ఉన్నట్టుండి ఒక శాతానికి దిగువకు పడిపోయిందంటే మజ్జ పని ఆపేసిందన్నమాట. పార్వో బి19 అనే వైరసు సోకినప్పుడు అలా జరుగుతుంది. పది, ఇరవై రోజులు మాత్రమే బతికే కణాలున్న పిల్లకు వారం రోజులు ఉత్పత్తి ఆగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇది రక్తపరీక్ష తప్ప మరేదీ నమ్మకంగా చెప్పలేని సంగతి.

మూడవది ప్లీహంలో రక్తం చిక్కుకుపోవడం. మన పల్లెల్లో కడుపులో ‘బల్ల’ అంటారే, అది గంటల్లో పెరిగిపోతుంది. హిమోగ్లోబిన్ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి, రెటిక్యులోసైట్లు మాత్రం ఎక్కువగానే ఉంటాయి. పసిపిల్లలు దీనితో గంటల్లో చనిపోగలరు.

నాలుగవది జ్వరం. ఈ పిల్లల ప్లీహం చిన్నతనంలోనే పనికిరాకుండా పోతుంది కనుక కొన్ని సూక్ష్మజీవులను వాళ్ల శరీరం ఎదుర్కోలేదు. 38.5 సెంటీగ్రేడు డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో జ్వరం ఉంటే రక్తాన్ని కల్చరుకు పంపాలి. అయితే కల్చరు ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందాకా ఎవరూ ఆగరు. రక్తం తీసిన వెంటనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: రక్తం తీయడం, ఫలితం కోసం చికిత్స ఆపకపోవడం రెండూ కలిసి నడవగలవని వైద్యశాస్త్రానికి తెలుసు.

రక్తం ఎక్కించే అవసరం కనబడితే గ్రూపు, క్రాస్‌మ్యాచ్ చూడాలి. కళ్లు మామూలుకన్నా పచ్చబడితే కాలేయం పరీక్షలు, ఒంట్లో నీరు ఇంకిపోతే మూత్రపిండాల పరీక్షలు. ఊపిరితిత్తులకు ప్రమాదం వచ్చిందని అనుమానం ఉంటే ఎక్స్‌రే. అన్నీ అందరికీ అక్కరలేదు. బిడ్డను చేత్తో తాకి, కళ్లతో చూసి, తల్లి చెప్పింది విని, ఏ ప్రశ్నకు జవాబు కావాలో నిర్ణయించుకుని పరీక్ష రాయాలి.

రిపోర్టు చెప్పలేనిది

పై జాబితాలో నొప్పి లేదు. నేను మరచిపోయి వదిలేయలేదు. నొప్పిని కొలిచే రక్తపరీక్ష లేదు.

పిల్లవాడు మెలికలు తిరిగిపోతూ ఉంటాడు. హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు అతని మామూలు అంకెల దగ్గరే ఉంటాయి. తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి, కాని అవి ఈ పిల్లల్లో నొప్పి లేని రోజునా ఎక్కువగానే ఉంటాయి. కణాలు పగలడాన్ని సూచించే అంకెలు పెరగవచ్చు, పెరగకపోవచ్చు. వాటిని చూసి ఇతనికి నొప్పి ఉంది, ఇతనికి లేదు అని చెప్పడం సాధ్యం కాదు. రిపోర్టు చెప్పేది ప్రమాదం సంగతి. నొప్పి సంగతి చెప్పవలసినవాడు ఆ పిల్లవాడే. మాటలు రాని పసివాడైతే తల్లి.

అందుకే 2012లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఆసుపత్రికి వచ్చిన 30 నిమిషాల్లోగా నొప్పి మందు ఇవ్వాలని చెబుతున్నాయి. అమెరికా రక్తవైద్యుల సంఘం 2020లో గంటలోపల అన్నది. ఆ తర్వాత అరగంటకో గంటకో ఒకసారి నొప్పి ఎలా ఉందో మళ్లీ అడగమన్నది. ఏదీ రిపోర్టు వచ్చిన తర్వాత ఇవ్వమనలేదు. సూది గుచ్చడానికి నరం దొరక్కపోతే ముక్కులో చల్లే మందు ఉంది. నరం దొరికితే అదే సూదిలోంచి రక్తమూ తీయవచ్చు, మందూ ఎక్కించవచ్చు.

ఆచరణలో ఏం జరుగుతోంది? 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన సికిల్ సెల్ రోగులు అత్యవసర విభాగాల్లో ఇతర రోగులకన్నా 25 శాతం ఎక్కువసేపు వేచి ఉంటున్నారని తేల్చింది. కాలో చెయ్యో విరిగినవాళ్లతో పోలిస్తే 50 శాతం ఎక్కువ. రెండూ ఎముక నొప్పులే. ఒకదానికి ఎక్స్‌రేలో కనబడే సాక్ష్యం ఉంది. రెండవదానికి మనిషి మాట తప్ప సాక్ష్యం లేదు. ఆ దేశంలో ఈ రోగుల్లో అత్యధికులు నల్లవాళ్లు. మత్తుమందు కోసం నటిస్తున్నారన్న అనుమానం వాళ్లను ఆసుపత్రి గడపదాకా వెంటాడుతుంది. బ్రిటన్ పార్లమెంటు సభ్యుల అఖిలపక్ష బృందం 2021లో ఈ రోగుల అనుభవాలపై వెలువరించిన నివేదికకు పెట్టిన పేరు: ‘ఎవరూ వినడం లేదు’.

ఈ పిల్లల్లో మరో చిక్కుంది. నొప్పితో ఏళ్ల తరబడి సహవాసం చేసినవాళ్లు దాన్ని ఓర్చే ఉపాయాలు నేర్చుకుంటారు. గోడవైపు తిరిగి కదలకుండా పడుకుంటారు. బొమ్మల పుస్తకం తిరగేస్తారు. నిద్రపోతారు కూడా. నొప్పి ఉన్నవాడు ఏడవాలి, అరవాలి అన్నది మన సినిమాలు, కొంతవరకు మన కథలు తయారుచేసిన అభిప్రాయం. కేకలు వేయని పిల్లవాడికి నొప్పి లేదని నిర్ణయించే డాక్టరులో చెడ్డ సాహిత్య సంస్కారం కూడా పనిచేస్తోందని నా అభిప్రాయం.

తల్లి చెయ్యి

అయితే కథలన్నిటిలో డాక్టర్లను రాక్షసులుగా, పరీక్షలను దోపిడీగా చిత్రిస్తే సరిపోతుందా? సరిపోదు. అది మరో యాంత్రిక ధోరణి. ప్రజల మాటకూ ప్రయోగశాలకూ సహజ విరోధమేమీ లేదని జమైకా అనుభవం రుజువు చేస్తోంది.

1973 నుంచి 1981 వరకు కింగ్‌స్టన్ నగరంలోని ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన లక్షమంది శిశువులకు బొడ్డుతాడు రక్తంతో పరీక్షలు చేశారు. సికిల్ సెల్ ఉన్నవాళ్లను గుర్తించి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. గ్రాహం సర్జెంట్ నాయకత్వంలో జరిగిన ఆ కృషిలో ఒక చిన్న పని నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. బిడ్డ పొట్ట ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహాన్ని తడిమి చూడడం తల్లులకు నేర్పారు. మామూలుకన్నా పెద్దదైతే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. తల్లులు తెచ్చారు. ప్లీహంలో రక్తం చిక్కుకుని చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది.

ఇక్కడ జరిగిందేమిటి? పుట్టినప్పుడు రక్తపరీక్ష జబ్బును కనిపెట్టింది. ఆ తర్వాత ప్రమాదాన్ని కనిపెట్టింది తల్లి చెయ్యి. ఆ చేతిని నమ్మిన డాక్టరు మళ్లీ రక్తం పరీక్షించి చికిత్స చేశాడు. విజ్ఞానం ప్రజల చేతికి అందితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మన ఉపన్యాసాల్లో దొరకదు.

మన ఏజెన్సీలో

ఈ నొప్పితో వచ్చిన ప్రతి బిడ్డకూ మూసపోసినట్టు అన్ని పరీక్షలూ ఎందుకన్న చర్చ ఇప్పుడు సంపన్న దేశాల వైద్యుల మధ్య నడుస్తోంది. మంచి చర్చే. కాని దాన్ని ఉన్నపళంగా దిగుమతి చేసుకుంటే మనం పొరపడతాం. అక్కడ పుట్టగానే పరీక్ష జరుగుతుంది. ఆ బిడ్డ మామూలు అంకెలు ఆసుపత్రి దస్త్రాల్లో ఉంటాయి. కొండల మీంచి డోలీలో మోసుకొచ్చిన బిడ్డ విషయంలో ఆ నొప్పే జబ్బుకు మొదటి ప్రకటన కావచ్చు. పోల్చి చూడడానికి పాత అంకె ఉండదు. అక్కడ పరీక్షలు మరీ ఎక్కువై బాధ. ఇక్కడ అసలు లేక బాధ. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: నొప్పి మందు ఆలస్యం.

మన దగ్గర ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఆ హిమోగ్లోబిన్ ఉందో లేదో చెబుతుంది. వాహకులెవరో, రోగులెవరో విడదీసి చెప్పదు. పుట్టిన తొలి నెలల్లో లేదని తప్పుగానూ చెప్పవచ్చు. ఎలక్ట్రోఫోరెసిస్ వంటి రెండో పరీక్ష జరిగితేనే తేలుతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో కార్డులు ఇస్తున్నారు. ఎవరు ఎవరిని పెళ్లాడితే బిడ్డకు జబ్బు రావచ్చో ఆ కార్డులు చూసి చెప్పవచ్చునంటున్నారు. ఆ సలహాకు విలువ లేదనను. కాని పరీక్ష ఫలితం మనిషిమీద ముద్రగా మారడం చరిత్రలో జరిగింది. అమెరికాలో 1970ల్లో వాహకులకు ఉద్యోగాలు, బీమా నిరాకరించారు. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 దాకా వాళ్లను చేర్చుకోలేదు. మన సమాజంలో ఆ కార్డు భారం ముందుగా ఆడపిల్ల మీద పడుతుందని చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

పెళ్లికి పనికొచ్చే కార్డుకన్నా అర్ధరాత్రి క్యాజువాలిటీలో పనికొచ్చే కార్డు ముందు కావాలని నేనంటాను. అందులో అయిదు సంగతులు చాలు: బిడ్డ బాగున్న రోజున హిమోగ్లోబిన్ ఎంత, రెటిక్యులోసైట్లు ఎంత, ప్లీహం ఎంత, బ్లడ్ గ్రూపు ఏమిటి, ఇంతకుముందు ఏ నొప్పి మందు ఎంత మోతాదులో పనిచేసింది. ఆ కార్డు తల్లి చేతిలో ఉంటే రిపోర్టులోని అంకెకు అర్థం వస్తుంది. లేకపోతే అది ఒట్టి అంకె. మార్ఫిన్ సంగతి కూడా చెప్పాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వైద్యానికి అవసరమైన మార్ఫిన్‌ను సైతం సంకెళ్లలో పెట్టింది; 2014లో సవరించారు. చట్టం సడలినా చాలా చిన్న ఆసుపత్రుల అలమరల్లోకి ఆ మందు చేరలేదు. రిపోర్టు ఎంత త్వరగా వస్తే మాత్రం, ఇవ్వడానికి మందు లేనప్పుడు ఏం లాభం?

రచయిత పని

ఇందులో రచయితకేం పని అని అడిగేవాళ్లుంటారు. క్యాజువాలిటీలో జరిగే తగాదా మౌలికంగా సాక్ష్యం గురించిన తగాదా. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాటకు కాగితం తోడు కావాలి అన్నదే దాని సారం. కార్లో దిగిన పెద్దమనిషి గుండెలో నొప్పి అంటే రిపోర్టు రాకముందే మంచం దొరుకుతుంది. ఆదివాసీ తల్లి, “బాబూ, పిల్లోడు తట్టుకోలేకపోతన్నాడు” అంటే, “రిపోర్టు రానీ అమ్మా” అన్న జవాబు దొరుకుతుంది. మాటకు మాటగా విలువ కట్టని సమాజంలో పేదవాడి శరీరం కూడా కోర్టు బోనులో నిలబడవలసిందే.

మన వృత్తి మాటతో. కనుక ఈ నొప్పి గురించి రాయబోయేవాళ్లు రెండు పనులు చేయాలని నా మనవి. మొదటిది, వంకర తిరిగిన కణాన్ని చూసి ప్రతీకలు అల్లకండి. కొడవలి మన జెండాలమీద ఉంది, మన కవితల్లో ఉంది. ఆ పోలిక చేతికందేంత దగ్గరలో ఉంది. కాని ఆ పేరు ఒక ఆకారానికి పెట్టిన పేరు. పిల్లవాడి నొప్పికి దానితో సంబంధం లేదు. రెండవది, పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో సరిగ్గా తెలుసుకుని రాయండి. హిమోగ్లోబిన్ 7 అన్న అంకె దగ్గర మీ కథ ఆగిపోతే అది రిపోర్టు మాత్రమే అవుతుంది. ఆ అంకె నిన్న ఎంత, రాసి పెట్టినవాళ్లెవరు, అది వచ్చేలోగా గడచిన రెండు గంటల్లో ఆ బిడ్డకు మందు అందిందా లేదా, అందకపోతే అడ్డుపడింది ఎవరు? కథ ఈ ప్రశ్నల్లో ఉంది.

రక్తం తీయవలసిందే. ప్రమాదం దాగి ఉందేమో చూడవలసిందే. కాని ఆ సీసా లాబొరేటరీకి వెళ్లేలోగా నొప్పి మందు బిడ్డకు చేరాలి. సాక్ష్యం ఇప్పటికే ఉంది. బిడ్డ చెప్పాడు.